టీకాలు - ప్రజల భయసందేహములు

వంశధారా తీరమందలి శ్రీముఖలింగ క్షేత్రమునకు మహాశివరాత్రి నాడు ఆంధ్రదేశమునుండియు, ఒడిశానుండియు వేలకొలది జనులు వచ్చి మధుకేశ్వరుని సేవింతురు. ఇట్టి చోట అంటువ్యాధి పొడసూపినచో నది యొక గ్రామముతో నాగునది కాదు. కావుననే టీకాల యెడ ప్రజలకు గల భయమును గూర్చి వ్రాయ సంకల్పించితిమి. కరోనా యత్యవసరస్థితి ముగిసినదని 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. భయము మాత్రము ముగియలేదు.

దేశమున కరోనా టీకాలు 2021 జనవరి 16వ తేదీన మొదలయ్యెను. నాడు జంకినవారిని మూఢులని పరిహసించిన విద్యావంతులు పెక్కురు. మేము వారితో నేకీభవింపజాలము. హైదరాబాదున తయారైన కోవాగ్జిన్‌కు జనవరి 3వ తేదీననే యనుమతి లభించెను. మూడవ దశ పరీక్షల ఫలితములు నాటికింకను వెలువడలేదు. ఆ టీకా నూటికి 77.8 వంతులు గుణమిచ్చునని లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటితమగుటకు నవంబరు నెల రావలసివచ్చెను. ఈ నడుమ ప్రశ్నించినవానిని అజ్ఞాని యనుట న్యాయమా?

భయమునకు పూర్వకారణములును కలవు. 1902లో పంజాబునందలి ముల్కోవాలు గ్రామమున ప్లేగు టీకా వేయించుకొన్నవారిలో 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. ఒక్క సీసాలోని మందు కలుషితమగుటయే హేతువు. అయినను ఆ టీకాను కనిపెట్టిన హాఫ్‌కిన్ పండితుడు 1907 వరకు నిందను మోయవలసివచ్చెను. ఆ పండితుడే 1897లో ఆ మందును మొట్టమొదట తన దేహముననే ఎక్కించుకొని పరీక్షించెను. మశూచిని అమ్మవారని కొలిచిన మన పెద్దలలో టీకాకు వెఱచినవారు పెక్కురు. ఆ టీకావలననే 1975 తరువాత మన దేశమున నొక్కరికిని మశూచి సోకలేదు.

కోవిషీల్డు వేయించుకొన్నవారిలో రక్తము గడ్డకట్టు నుపద్రవము పది లక్షల మోతాదులకు 0.61 చొప్పున కనబడినదని కేంద్రప్రభుత్వము 2021 మే నెలలోనే తెలిపెను. కరోనాకు బలియైనవారి సంఖ్య యెదుట నిది అత్యల్పము. కాని ఆ ప్రకటన ఎన్ని గ్రామములలో తెలుగున చాటింపబడెను? 2024లో ఆస్ట్రజెనెకా కంపెనీ ఈ సంగతినే బ్రిటిషు న్యాయస్థానమున అంగీకరించినదని పత్రికలలో రాగా, దాచిన రహస్యము బయటపడినదని జనులు కలత చెందిరి. ఢిల్లీలో చెప్పిన సత్యము పల్లెకు చేరనందున రహస్యమై కూర్చున్నది.

ప్రభుత్వమువారికి మా మనవి యొక్కటే. గుణముతోపాటు దోషమును గూడ, అంకెలతో, తెలుగున, టీకా వేయు చోటనే ముందుగా చెప్పవలెను. టీకా వెనుక మరణము సంభవించినచో విచారణ ఫలితమును ఆ యూరివారి కెఱిగింపవలెను.

ఇక మా పాఠకులకు. గ్రామమున పాలేరును, కూలియు మీ ముఖము చూచి నడచువారు. తాము చాటుగా వేయించుకొని వారికి హితోపదేశము చేయు భూస్వాములవలన భయము తీరదు. హాఫ్‌కిన్ చేసినట్లు, మరల నట్టి విపత్తు వచ్చిననాడు, రచ్చబండయొద్ద పదుగురు చూచుచుండగా మొదట చేయి చాపవలసినది మీరే.