బూజు గోడది, నింద మనకా?

మా బడిలో ముందు బెంచీ పిల్ల ఒకతి. వానలు పడితే చాలు తుమ్ములే. ముక్కు కారుతూనే వుంటుంది, కళ్ళు నలుపుకుంటూనే వుంటుంది. "ఒట్టి జలుబేనండి మేస్టారూ, మా గుంటకి ఏటా వున్నదే" అంటుంది పలాస జీడి బట్టీలో పనిచేసే తల్లి. జలుబైతే వారం, పది రోజుల్లో పోవాలి గదా! నెలల తరబడి వుండేది జలుబెలా అవుతుంది?

ఆ ఇంటికెళ్ళి చూశాం. పల్లపు పేట. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు కూలిన సంగతి లోకమంతా చెప్పుకుంది. మన పేటల గోడలు తాగిన నీళ్ళ సంగతి ఎందరు చెప్పుకున్నారు? ఆ ఇంటి శ్లాబు అప్పట్నుంచీ కారుతూనే వుంది. మంచం వెనక గోడంతా నల్లచుక్కలు. అదే బూజు. సాలెగూడు కాదు, తడిలో పుట్టే బూజు. దాని పొడి కంటికి కనపడకుండా గాల్లో లేచి ముక్కులోకి పోతుంది. పడని ఒంటికి ఎలర్జీ.

ఎలా పోల్చుకోవాలి? జ్వరం వుండదు. ముక్కు నీళ్ళలా కారుతుంది. కళ్ళు, ముక్కు, గొంతు దురద. రాత్రిపూట దగ్గు. ఆయాసం, గుండెల్లో పిల్లికూతలు వస్తే ఉబ్బసమేమోనని వెంటనే డాక్టరుకు చూపించాలి. అసలు గుర్తు ఇది: నాలుగు రోజులు టెక్కలిలో చుట్టాలింట, పొడిచోట వుంటే తగ్గుతుంది, తిరిగొస్తే మళ్ళీ మొదలు. బట్టీ పొగ దగ్గయితే పనిలో పెరిగి, సెలవునాడు తగ్గుతుంది. రెండూ పట్టుకున్న ఒళ్ళూ వున్నాయి మనలో. బూజుపట్టిన గడ్డి దులిపిన సాయంత్రం చలిజ్వరం, ఆయాసం వస్తే అది వేరే జబ్బు కావచ్చు, గడ్డి సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, ముందు సర్కారు ఆసుపత్రిలో తెమడ పరీక్ష. డబ్బులు అక్కర్లేదు.

ఇంకో మాట. దీనికి నొప్పి బిళ్ళలు మింగొద్దు. ఎలర్జీని అవి తగ్గించవు, కిడ్నీలకు చేటు. కిడ్నీలు పోయినోళ్ళని ఎంతమందిని మోశామో ఉద్దానంలో ఒకరు చెప్పాలా?

ఒక ఆఫీసరు గారికి చెబితే "మీవాళ్ళు ఇళ్ళు శుభ్రంగా వుంచుకోరు" అన్నారు. ఆ తల్లి రోజూ చిమ్ముతుంది. సున్నం రెండుసార్లు కొట్టింది. కారే శ్లాబు కింద సున్నం ఎన్నాళ్ళుంటుంది? ఒంటికి పడని బూజుకు కులం తెలీదు, ఆఫీసరుకే తెలుసు. పొడి చీపురుతో దులపకుండా, ముక్కుకి గుడ్డ కట్టుకుని సబ్బునీళ్ళ గుడ్డతో తుడవడం, మంచం గోడకు ఎడంగా జరపడం, కిటికీ తెరవడం మన పని. చేద్దాం. శ్లాబు మరమ్మతు, నీళ్ళు పోయే కాలువ, మెరక జాగా ఎవరి పని?

పిల్లలు రాని రోజులు, కారణం తేదీలతో రాస్తున్నాం. వచ్చే గ్రామసభకి ఆ కాగితం, కారే ఇళ్ళ లెక్క రెండూ పట్టుకెళ్తాం. మీ పేట లెక్క కూడా రాసి తెండి.