పచ్చ రంగు పర్మిషన్ కాదు

ముందే చెప్పేస్తున్నా, నేను మంచుని దగ్గరగా చూసింది మా ఇంటి ఫ్రిజ్‌లోనే. అయినా స్కీయింగ్ గురించి రాస్తున్నానంటే, ఇందులో సగమే మంచు గురించి. మిగతా సగం మనం వాడే, రేపు మనమే రాయబోయే యాప్‌ల గురించి.

మా పెద్దమ్మ కొడుకు డెన్వర్‌లో ఉద్యోగం చేస్తాడు. చలికాలం వచ్చిందంటే శనివారాలు అన్నయ్య ఇంట్లో ఉండడు. రిసార్ట్‌లో లిఫ్ట్ ఎక్కి జారే స్కీయింగ్ కాదు, బ్యాక్‌కంట్రీ స్కీయింగ్. అంటే లిఫ్ట్ ఉండదు, కాపలా సిబ్బంది ఉండరు, ప్రమాదకరమైన వాలుల మీద ముందే పేలుళ్ళు జరిపి మంచుని దించేసేవాళ్ళూ ఉండరు. స్కీల అడుగున పట్టు కోసం స్కిన్స్ అతికించుకుని రెండు మూడు గంటలు కొండెక్కి, పది నిమిషాల్లో దిగిపోవడం. (ఈ గిట్టుబాటు నాకెప్పటికీ అర్థం కాలేదు. అది వేరే సంగతి.) అక్కడ భయమంతా అవలాంచ్‌దే. వాలు మీద పేరుకున్న మంచు పెద్ద పలకలా పగిలి ఒక్కసారిగా కిందికి వచ్చేస్తుంది. ప్రాణాలు పోయిన చాలా సందర్భాల్లో ఆ పలకని కదిలించింది అందులో చిక్కుకున్న మనిషో, అతని జట్టులోనివాళ్ళో.

పెద్దమ్మకి ఇదంతా సగం సగం తెలుసు. మొన్న ఫోన్‌లో అడిగితే, "ఏం భయం లేదురా, అదేదో యాప్ ఉందంటగా, అందులో పచ్చగా ఉంటేనే వెళ్తాడంట" అంది. ఆ గొంతులో నిశ్చింత విన్నాకే ఇది రాయాలనిపించింది.

యాప్ చెడ్డదని నేననను. కాల్‌టోపో, గయా జీపీఎస్, ఆన్‌ఎక్స్ లాంటివి రాకముందు కాగితం మ్యాప్ మీద కాంటూరు గీతల మధ్య దూరం కొలిచి వాలు లెక్కగట్టేవాళ్ళు. ఇప్పుడు ఒక్క లేయర్ నొక్కితే కొండంతా రంగులు పరుచుకుంటాయి. మంచు పలకలు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద కాబట్టి వాటికి పసుపు, నారింజ, ఎరుపు వేస్తారు. అంతకంటే తక్కువ వాలుకి రంగే ఉండదు, కొన్నిట్లో పచ్చ ఉంటుంది. చూడగానే అర్థమైపోయిందనిపిస్తుంది. చిక్కంతా ఆ 'అనిపించడం'తోనే.

ఆ రంగు ఎక్కడినుంచి వస్తుందో మన సివిల్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. నేలని గళ్ళుగా కోసి ఒక్కో గడికి ఒక ఎత్తు రాసిపెట్టిన పట్టిక, అంతే. ప్రపంచంలో చాలా ప్రాంతాలకి ఉచితంగా దొరికేది 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన డేటా. అందులో గడి సుమారు 30 మీటర్లు. అమెరికాలో 10 మీటర్లదీ ఉంది, కొన్నిచోట్ల లైడార్‌తో ఇంకా సన్నగా కొలిచిందీ ఉంది. మనం 30 మీటర్ల దూరమే తీసుకుందాం. అందులో 20 మీటర్లు 5 డిగ్రీల వాలు, 10 మీటర్లు 40 డిగ్రీల వాలు అనుకోండి. మొత్తం దిగిన ఎత్తు సుమారు 10 మీటర్లు. టాన్ ఇన్వర్స్ కొడితే దాదాపు 19 డిగ్రీలు వస్తుంది. యాప్ దృష్టిలో అది పిల్లలు ఆడుకునే వాలు. మధ్యలో ఉన్న ఆ 40 డిగ్రీల ముక్క మీద కాలు పడినప్పుడు మంచుకి సగటు తెలియదు.

ఇంకోటి. రంగు వేసేది నువ్వు నిలబడ్డ చోటుకి. నీ నెత్తిమీద వేలాడుతున్న వాలు సంగతి నీ కాళ్ళ కింద రంగులో కనపడదు. కొలరాడోలో మంచు పలచన, చలి ఎక్కువ. దాంతో అడుగున మంచు పంచదార పలుకుల్లా విడివిడిగా తయారై పైపొరని సరిగ్గా మొయ్యలేదు. అలాంటి చోట కింద చదునులో నడుస్తున్న మనిషి బరువుకే పగులు పుట్టి పైకి పాకి, పై వాలు తెగి రావచ్చు. మ్యాప్‌లో ఆ మనిషి నిలబడ్డ చోట ఏ రంగూ ఉండదు.

దీనికి తోడు బులెటిన్ ఉంటుంది. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ రోజూ ఇస్తుంది, ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా లెక్కేసి. మార్కుల బుర్రలున్న మనకి 5కి 3 అంటే "పర్లేదు, పాసే" అనిపిస్తుంది. ఆ స్కేలు మెట్టుమెట్టుకీ సమానంగా పెరిగేది కాదు. చావుల్లో చాలా భాగం ఆ 3వ స్థాయి రోజుల్లోనే జరుగుతాయి. 5 రోజున ఎటూ ఎవరూ వెళ్ళరు కదా. పైగా ఆ అంకె ఒక పెద్ద ప్రాంతం మొత్తానికి ఇచ్చింది, నీ ముందున్న కొండకి కాదు.

మరి యాప్ దేనికి పనికొస్తుందంటే, శుక్రవారం రాత్రికి. అన్నయ్య వాళ్ళు నలుగురు. ముందురోజు రాత్రి భోజనాలయ్యాక టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటారు. బులెటిన్‌లో ఒక గుండ్రటి బొమ్మ ఉంటుంది. ఎనిమిది దిక్కులు, మూడు ఎత్తులు, ఎటువైపు వాలు మీద ఏ ఎత్తులో గండం ఉందో అందులో నింపి ఉంటుంది. ఉత్తరం నుంచి తూర్పు దాకా, చెట్లు ఆగిపోయిన ఎత్తుకి పైన అని ఉందనుకోండి, మ్యాప్‌లో అలాంటి వాలులన్నీ వెతికి ముందే కొట్టేస్తారు. ఎక్కడ ఆగి చూడాలి, ఎన్ని గంటలకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, మొదటి దారి కుదరకపోతే 30 డిగ్రీల లోపే ఉండి పైన కూడా ఏమీ వేలాడని రెండో దారి ఏది, ఇవన్నీ పైకి మాట్లాడుకుంటారు. మ్యాప్‌లు ఆఫ్‌లైన్‌లోకి దించుకుంటారు. ఆ ప్లాన్ లింకు రూమ్మేట్‌కి, నాకు పంపిస్తారు. చెప్పిన టైముకి కబురు రాకపోతే ఆ కౌంటీ షెరీఫ్‌కి ఫోన్ చెయ్యాల్సింది రూమ్మేట్. నేను ఉత్త సాక్షిని. అక్కడ మధ్యాహ్నం రెండు అంటే ఇక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నర. హాస్టల్లో అలారం పెట్టుకుని లేచి, "కారు దగ్గరికొచ్చాం" అన్న మెసేజ్ చూసి పడుకుంటా. పెద్దమ్మకి ఈ అలారం సంగతి తెలియదు.

కొండ మీదకెళ్ళాక ఫోన్ విలువ పడిపోతుంది. చలికి బ్యాటరీ దిగిపోతుంది, గ్లవ్స్‌తో స్క్రీన్ పనిచెయ్యదు. అన్నిటికంటే విచిత్రం, ఆ ఫోనే అడ్డు కావచ్చు. మంచులో కూరుకుపోయినవాళ్ళని వెతికే బీకన్లు 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. పక్కన ఫోనుంటే గోల పుడుతుంది. అందుకే నడిచేటప్పుడు బీకన్‌కి 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచమంటారు. పూడిపోయిన మనిషికి ఉండేది మొదటి పది పదిహేను నిమిషాలే. ఆ లోపల ఏ హెలికాప్టరూ రాదు. బీకన్, పొడవాటి ప్రోబ్ కర్ర, పార పట్టుకున్న పక్క స్నేహితుడే దిక్కు.

సమాచారం లేక చనిపోతున్నారా అంటే అదీ కాదు. 2012 ఫిబ్రవరి 19న వాషింగ్టన్ రాష్ట్రంలో స్టీవెన్స్ పాస్ దగ్గర టనెల్ క్రీక్‌లో ముగ్గురు చనిపోయారు. ఆ రోజు దిగడానికి పోగైనవాళ్ళు 16 మంది దాకా, అందులో చాలామంది ఆ కొండని ఎరిగినవాళ్ళు, స్కీయింగే వృత్తిగా ఉన్నవాళ్ళు. మంచులో చిక్కుకున్న ఒకామె ఎయిర్‌బ్యాగ్ వల్ల బతికింది. తర్వాత న్యూయార్క్ టైమ్స్ దాని మీద 'స్నో ఫాల్' అనే పెద్ద కథనం వేసింది, దానికి పులిట్జర్ వచ్చింది. చదివితే మనల్ని కుదిపేది మంచు కాదు. కొందరికి లోపల అనుమానం ఉంది, అంతమంది పెద్దవాళ్ళ ముందు నోరు పెగల్లేదు. ఇయన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు ఇలాంటి ప్రమాదాలు వందలకొద్దీ పరిశీలించి, అలవాటైన చోటు, ముందున్న నిపుణుడి మీద గురి, మిగతావాళ్ళ ముందు తగ్గకూడదన్న పంతం లాంటివి మనిషి బుర్రకి ఎలా ఉచ్చులవుతాయో 2004లోనే రాశాడు. యాప్‌లో కనిపించే "అందరూ వెళ్ళిన దారులు" లేయర్ ఆ ఉచ్చుకి కొత్త ముస్తాబు. నిన్న పదిమంది దిగి బతికారని మాత్రమే అది చెబుతుంది.

నాతో వాదించేవాళ్ళు స్విట్జర్లాండ్‌లోని స్కీటూరెన్‌గురు పేరెత్తుతారు. బులెటిన్‌నీ నేల ఆకారాన్నీ కలిపి లెక్కేసి దారులకి పచ్చ, నారింజ, ఎరుపు ఇస్తుంది. ఏమీ చదవకుండా బయల్దేరేవాడు కనీసం పచ్చవాటిలోంచి ఒకటి ఏరుకుంటాడు కదా అంటారు. నిజమే, ఒప్పుకుంటా. కానీ అక్కడ బులెటిన్లూ మ్యాపులూ దశాబ్దాల పనితో గట్టిపడ్డాయి. అదే పచ్చని గుల్మార్గ్‌కి తెస్తే? గొండోలా అఫర్వత్ మీద దింపుతుంది, కంచె దాటితే బ్యాక్‌కంట్రీయే. 2024 ఫిబ్రవరిలో అక్కడ అవలాంచ్‌లో ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. కొలరాడో వీడియోలు చూసి శాటిలైట్ మెసెంజర్ పట్టుకెళ్దామంటే మన దేశంలో అనుమతి లేకుండా అది నేరం. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పలకదు. మన కాలేజీ వాళ్ళు రీల్స్ చూసి గుల్మార్గ్ ప్లాన్లు వేస్తున్నారు కాబట్టి చెబుతున్నా, స్కీయింగ్ నేర్చుకోవడానికైతే అక్కడ ప్రభుత్వ శిక్షణ సంస్థే ఉంది, కంచె లోపలే బోలెడు మంచుంది.

మా క్లాసులో ఒక టీమ్ ట్రెక్కింగ్ యాప్ చేస్తోంది. వాళ్ళకి నేను మూడు అడిగా. పచ్చ తీసెయ్యండి, ప్రమాదం లేదనిపించే చోట రంగే వద్దు. ప్రతి రంగు పక్కన ఆ డేటా గడి సైజు, కొలిచిన సంవత్సరం చూపించండి. మూడోది, గ్రూపులో ప్రతివాడి ఫోన్‌లో ఒక 'వద్దు' బటన్ పెట్టండి. ఎవరు నొక్కారో ఎవరికీ తెలియకూడదు. ఒక్కరు నొక్కినా అందరి ఫోన్లలో రెండో దారి తెరుచుకోవాలి.

మొదటి రెండూ సరే అన్నారు. మూడోది నవ్వుతూ కొట్టేశారు, "ట్రిప్పుకి వెళ్ళేవాడు ఎవడు నొక్కుతాడ్రా?" అని. అన్నయ్యని అడిగా. కాసేపు ఆలోచించి, పోయిన నెలలో తనే రెండుసార్లు నొక్కేవాడినన్నాడు.