మేధావి ఎవరి పక్షం?

ఈ మధ్య ఒక శనివారం రాత్రి మిత్రుల ఇంట్లో భోజనాలయ్యాక మాటలు యథాప్రకారం మన రాష్ట్రాల రాజకీయాల మీదికి మళ్ళాయి. ఒకాయన విసుగ్గా, "మేధావులంటే ఎవరండీ? అవతలి పార్టీకి వంత పాడేవాళ్ళేగా!" అన్నారు. అందరం నవ్వేశాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, అది నవ్వి ఊరుకోవాల్సిన మాట కాదనిపించింది.

డిగ్రీలే కొలమానమైతే ఆ రాత్రి అక్కడున్న అందరం మేధావులమే. కానీ ప్రజాస్వామ్యం చదువుకున్నవాడి నుంచి ఆశించేది ఇంకొకటి ఉంది. తనవాళ్ళకు రుచించని నిజాన్ని తనవాళ్ళ ముందే చెప్పగలగడం.

ఈ విషయంలో నాకు మొదట గుర్తొచ్చేది బాలగోపాల్. 1980లలో కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన ఆయన, ఉద్యోగం వదిలి పౌరహక్కుల పనికి అంకితమయ్యారు. ఎన్‌కౌంటర్ మరణాలపై ఊళ్ళు తిరిగి నిజాలు సేకరించి ప్రభుత్వాన్ని నిలదీశారు. అంతవరకు తోటివాళ్ళు మెచ్చుకున్నారు. నక్సలైట్ల చేతిలో పోయిన సామాన్యుడి ప్రాణం గురించి కూడా మనం అడగాలి కదా అన్నప్పుడు మాత్రం సొంత సంఘంలోనే విభేదాలు ముదిరాయి. బయటికొచ్చి, 1998లో మరికొందరితో కలిసి మానవ హక్కుల వేదికను ప్రారంభించారు. 2009లో చనిపోయేదాకా ఉభయపక్షాలనూ ప్రశ్నిస్తూనే ఉన్నారు.

రెండోవారు ఎస్.ఆర్. శంకరన్. వెట్టిచాకిరీ నిర్మూలనకు పాటుపడిన ఐ.ఏ.ఎస్. అధికారి. 1987లో తూర్పు గోదావరి ఏజెన్సీలో నక్సలైట్లు ఆయన్ని, మరికొందరు అధికారులను అపహరించారు. అయినా పదవీ విరమణ తర్వాత, 1997లో ఏర్పడిన కమిటీ ఆఫ్ కన్సర్న్‌డ్ సిటిజన్స్‌కు నాయకత్వం వహించి, ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హింస మానమని చెబుతూ వచ్చారు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఇరుపక్షాలూ చర్చలకు కూర్చున్నాయంటే అందులో ఆ కమిటీ కృషి ఎంతో ఉంది. 2005 జనవరికల్లా ఆ ప్రయత్నం చెడిపోయింది, నిజమే. కానీ తుపాకులు పట్టుకున్న రెండు పక్షాలూ ఒక మనిషి మాటకు విలువ ఇచ్చాయంటే, ఆయన ఎవరికీ వంత పాడకపోవడం వల్లనే.

ఇప్పుడు మన సంగతి. ఇక్కడ మాట్లాడితే మన ఉద్యోగం పోదు, ప్రాణం అసలే పోదు. 2024 ఎన్నికలప్పుడు నేను అభిమానించే పార్టీవాళ్ళు పంపిన ఒక వార్త అబద్ధమని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. మెదిపితే ఏం పోతుంది? మహా అయితే రెండు మూడు పండగలకు భోజనాల పిలుపులు తగ్గుతాయి. ఆ మాత్రం దానికే వెనకాడాను.

ఆ రాత్రి మిత్రుడన్న మాటకు నేనూ ఒక రుజువునే. ఈసారి కలిసినప్పుడు ఆ వార్త సంగతి నేనే మొదలుపెడదామనుకుంటున్నాను. మరి మీరో?