టేకాఫ్ అయ్యాక విమానం వెనక్కొస్తే భయపడాలా? 1993లో తిరుపతి పొలాల్లో ఏం జరిగింది?

మంచిర్యాల: 'టేకాఫ్ అయిన కాసేపటికే సాంకేతిక లోపం.. వెనుదిరిగిన విమానం'. ఈ అలర్ట్ ఫోన్‌లో కనిపిస్తే చాలు, మంచిర్యాల, గోదావరిఖనిలో గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఇళ్లల్లో గుండె దడ మొదలవుతుంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత ఈ భయం ఇంకా పెరిగింది. కానీ అక్కడ పైలట్లకు ఎత్తూ లేదు, టైమూ లేదు. వెనక్కి వచ్చే విమానాల సంగతి వేరు.

లోపం వస్తే పైలట్ ఏం చేస్తాడు?

ముందు విమానాన్ని అదుపులో ఉంచడం. తర్వాత దారి. ఆ తర్వాతే రేడియోలో మాట. ఒకరు నడుపుతుంటే, ఇంకొకరు చెక్‌లిస్ట్ చదువుతారు. మరి గాల్లో గిరగిరా ఎందుకు తిప్పుతారు? టేకాఫ్ అప్పుడు ట్యాంకుల్లో ఇంధనం ఎక్కువగా ఉంటుంది. ఆ బరువుతో దిగడం రిస్క్ కాబట్టి, టైం ఉంటే కొంత ఖర్చయ్యేదాకా ఆగుతారు. మంటల్లాంటి ప్రమాదమైతే ఆగరు, వెంటనే దించేస్తారు.

హైదరాబాద్ రావాల్సిన విమానం.. పొలాల్లో దిగింది!

1993 నవంబర్ 15. మద్రాసు నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ300 బేగంపేటలో దిగబోయింది. రన్‌వే సరిగా కనపడక మళ్లీ పైకి లేచింది. అక్కడే చిక్కొచ్చింది. రెక్కల వెనుక ఉండే ఫ్లాప్స్ పూర్తిగా లోపలికి వెళ్లలేదు. అవి బయట ఉంటే గాలి అడ్డుపడుతుంది, వేగం తగ్గించుకోవాలి, ఇంధనం ఎక్కువ తాగుతుంది. అలాగే మద్రాసుకు బయల్దేరారు. దారిలో ఇంధనం చాలదని తేలింది. తిరుపతికి మళ్లించారు. అక్కడికీ చేరకముందే పొలాల్లో దించాల్సి వచ్చింది. విమానంలో ఉన్న 262 మందీ బతికారు.

అంటే చిన్న లోపం కూడా లెక్క మొత్తం మార్చేస్తుంది. పైలట్ మొదట వేసుకోవాల్సిన ప్రశ్న 'ఈ లోపంతో ఎంత దూరం పోగలం?' అన్నదే. దగ్గర్లో రన్‌వే ఉండగానే వెనక్కి తిరగడం అందుకే.

మన దగ్గర?

పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఇక్కడ విమానాశ్రయం కావాలన్న డిమాండ్ ఏళ్లనాటిది. అందరూ దీన్ని హైదరాబాద్ ప్రయాణం తప్పుతుందనే లెక్కలోనే చూస్తున్నారు. కానీ ఆపదలో దిగడానికి ఇంకో చోటు దొరుకుతుందన్నది కూడా లెక్కే. అయితే పెద్ద విమానం దిగాలంటే అంత పొడవు, అంత గట్టి రన్‌వే కావాలి. పేరుకు కడితే పనికిరాదు.

బొగ్గుబాయిలో పైకప్పు చప్పుడు చేస్తే పని ఆపి బయటికి రావాల్సిందే. అలా వచ్చినోళ్లను పిరికోళ్లని ఎవరూ అనరు. విమానమైనా అంతే. ఈసారి 'వెనక్కొచ్చింది' అని అలర్ట్ వస్తే, 'క్షేమంగా దిగిందా' అన్నది చూడండి. దిగితే పైలట్ తన పని చేసినట్టే.