మూడు షాట్లు చూసి బుల్లెట్ కొనకండి... ఒక్క రన్ చూసి ఫోన్ కూడా కొనకండి!

ఫోన్ల సైట్‌లో బుల్లెట్ల గోలేంటి అనుకుంటున్నారా? రెండు నిమిషాలు ఓపిక పట్టండి, విషయం మన రివ్యూల దగ్గరికే వస్తుంది.

టెక్సాస్‌లో ఉండే మా బావకి టార్గెట్ షూటింగ్ పిచ్చి. తన .223 రెమింగ్టన్ రైఫిల్‌కి తూటాలు తనే లోడ్ చేసుకుంటాడు. అక్కడ అది మామూలు హాబీ. మన దేశంలో మాత్రం లైసెన్స్ లేకుండా తూటా తయారుచేస్తే నేరం. కేసు, ప్రైమర్, పౌడర్, బుల్లెట్... ఈ నాలుగూ కలిస్తే ఒక తూటా. అందులో ఎగిరి వెళ్ళే ముక్క మాత్రమే బుల్లెట్.

దాని వ్యాసం 0.224 అంగుళం, అంటే దాదాపు 5.7 మిల్లీమీటర్లు. ఛాయిస్ అంతా బరువులో, ఆకారంలో ఉంటుంది. 55 గ్రెయిన్లంటే సుమారు 3.6 గ్రాములు, 77 అంటే 5 గ్రాములు. బరువు పెరిగే కొద్దీ బుల్లెట్ పొడుగవుతుంది. పొడుగైతే నిలకడగా వెళ్ళడానికి ఇంకా వేగంగా గిర్రున తిరగాలి. బావ రైఫిల్ బ్యారెల్‌లోని గాడులు 8 అంగుళాలకి ఒక చుట్టు తిప్పుతాయి. కాబట్టి 69, 77 రెండూ పనికొస్తాయి. మరి ఏది కొనాలి?

మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు రేంజ్‌కి తీసుకెళ్ళాడు. కాల్చేది బావ, లెక్కలు నావి. రాడార్ క్రోనోగ్రాఫ్ ప్రతి షాట్ స్పీడ్‌నీ బ్లూటూత్‌లో ఫోన్‌కి పంపిస్తుంటే నాకు పండగే! 100 గజాల దూరంలో ఒక్కో రకం 3 షాట్లు. 77 గ్రెయిన్లవి మూడూ దాదాపు ఒకే కన్నంలో పడ్డాయి. 69వి చెల్లాచెదురు. "ఇంకేం బావా, 77 ఫిక్స్" అన్నాను. నా మాట నమ్మి 500 ఆర్డర్ పెట్టేశాడు.

వారం తర్వాత ఒక్కోటి 10 షాట్లు, మార్చి మార్చి కాల్చాడు. రెండు టార్గెట్లూ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేకపోయాం. "ఏం బామ్మర్దీ, నీ రివ్యూలూ ఇంతేనా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

లెక్క సింపుల్. అదే రైఫిల్, అదే బుల్లెట్ అయినా 10 షాట్ల గ్రూపు 3 షాట్ల గ్రూపు కంటే సగటున ఒకటిన్నర రెట్లు పెద్దగా వస్తుంది. మూడు షాట్లే కాలిస్తే అదృష్టం ఏది, బుల్లెట్ గొప్పదనం ఏదో తెలీదు. స్పీడ్ తేడాల లెక్కకీ ఇదే వర్తిస్తుంది. యాప్ డెసిమల్స్‌తో చూపించినంత మాత్రాన అది నిజమైపోదు.

అందుకే నా అభిప్రాయం ఇది: ఒక్కోటి కనీసం 10 షాట్లు, ఒకే రోజు, బ్యారెల్ చల్లారనిస్తూ, మార్చి మార్చి కాల్చాలి. నచ్చని షాట్‌ని "చెయ్యి కదిలింది" అని లెక్కలోంచి తీసేయకూడదు.

నేనూ ఒక్క బెంచ్‌మార్క్ రన్ చూసి "ఈ ఫోనే ఫాస్ట్" అని రాసినవాణ్ణే. అది చదివి ఎవరో మొదటి జీతం పెట్టి కొనుంటారు. ఇకపై నా రివ్యూల్లో ప్రతి టెస్టూ 10 సార్లు చేస్తా, చెత్త స్కోర్‌తో సహా ఇస్తా. ఒక్క నంబరే ఇచ్చానంటే నిలదీయండి.