దారి చెప్పినవాడి సందేహం

1981లో వచ్చిన స్పీల్‌బర్గ్ సినిమా ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’లో బెలాక్ అనే ఫ్రెంచి పురావస్తు పండితుడు ఉంటాడు. ఇండియానా జోన్స్ ప్రాణాలకు తెగించి బంగారు విగ్రహాన్ని బయటికి తెచ్చేసరికి, విలుకాళ్లను వెంటేసుకుని వాకిట్లోనే కాచుకుని ఉండి దాన్ని చేతిలోంచి తీసేసుకుంటాడు. ఎవరి కష్టం ఎవరి పాలయిందో చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. నిజమైన పండిత లోకంలో ఇంత బాహాటంగా ఎవరూ దోచుకోరు. మర్యాదగా ఉత్తరం రాసి అడుగుతారు. అడిగినవన్నీ చెప్పించుకుంటారు. ఆ తరువాత పుస్తకం రాస్తారు.

ట్రాయ్ నగరాన్ని కనుగొన్నది ఎవరని అడిగితే బడిపిల్లలు కూడా హైన్రిష్ ష్లీమన్ పేరే చెబుతారు. ఫ్రాంక్ కాల్వర్ట్ పేరు చెప్పేవాళ్లు అరుదు. డార్డనెల్స్ తీరంలో స్థిరపడిన ఇంగ్లీషు కుటుంబం కాల్వర్ట్‌ది. ట్రాయ్ మైదానమంతా ఏళ్ల తరబడి తిరిగి, ఏ దిబ్బ కింద ఏముందో ఆనవాళ్లు పట్టినవాడు. హోమర్ పాడిన నగరం హిసార్లిక్ దిబ్బ కిందే ఉందని చార్లెస్ మెక్లారెన్ అనే స్కాట్లాండు పండితుడు 1822లోనే రాశాడు. ఆ మాటను నేల మీద పరీక్షించాలనుకున్న కాల్వర్ట్ ఆ దిబ్బలో తూర్పు భాగం తమ కుటుంబం చేతిలో ఉండగా 1863లో బ్రిటిష్ మ్యూజియాన్ని సాయం అడిగాడు. కాదన్నారు. 1865లో సొంత ఖర్చుతో కొన్ని గుంటలు తవ్వాడు. అంతకుమించి తవ్వించే డబ్బు ఆయన దగ్గర లేదు.

ష్లీమన్ దగ్గర డబ్బుకు కొదవ లేదు. నీలిమందు వ్యాపారంలో కోట్లకు పడగలెత్తినవాడు. 1868 ఆగస్టులో ట్రాయ్ మైదానానికి వచ్చి, అప్పటి పండితులు ఎక్కువమంది నమ్మినట్టే బునార్‌బషి దగ్గర తవ్వి చూశాడు. ఏమీ దొరకలేదు. తిరుగుప్రయాణంలో ఓడ అందక డార్డనెల్స్‌లో ఆగాల్సి వచ్చినప్పుడు కాల్వర్ట్‌ను కలిశాడు. తవ్వాల్సింది హిసార్లిక్‌లోనని అప్పుడు విన్నాడు. ఆ డిసెంబరులో కాల్వర్ట్‌కు రాసిన ఉత్తరం చూస్తే జాలి వేస్తుంది. ఏ నెలలో మొదలుపెట్టాలి, జ్వరాల బెడద ఉంటుందా, కూలీలు ఎంతమంది కావాలి, మంచం తెచ్చుకోవాలా, ఎలాంటి టోపీ పెట్టుకోవాలి అంటూ ప్రశ్న మీద ప్రశ్న. కాల్వర్ట్ ఓపిగ్గా అన్నిటికీ జవాబు రాశాడు. 1869 నాటి పుస్తకంలో ష్లీమన్ కాల్వర్ట్ అభిప్రాయాన్ని ప్రస్తావించాడు కూడా. కీర్తి పెరిగిన కొద్దీ ఆ పేరు చిక్కిపోయి, చిన్ననాడు బొమ్మల పుస్తకంలో మండుతున్న ట్రాయ్‌ని చూసి కన్న కల అనే కథ ఆ చోటులోకి వచ్చి కూర్చుంది.

ఒక పేరు మరుగున పడటమే అయితే అది ఒక మనిషికి జరిగిన అన్యాయం. నన్ను ఎక్కువ బాధించేది దాని తరువాత జరిగింది. దిబ్బ ఎక్కడుందో కాల్వర్ట్ దగ్గర తెలుసుకున్న ష్లీమన్, దిబ్బను ఎలా చూడాలో తెలుసుకోలేదు. 1871 నుంచి కూలీలను పెట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి దిబ్బను నిలువునా చీల్చేశాడు. హోమర్ నగరం అట్టడుగున ఉంటుందని నమ్మి, పైపొరల్లోని గోడలను పగలగొట్టించి అవతల పోయించాడు. అందులో తాను వెతుకుతున్న కాలానివీ ఉన్నాయి. 1873 ఫిబ్రవరిలో కాల్వర్ట్ ‘లెవాంట్ హెరాల్డ్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. బయటపడినవాటిలో క్రీ.పూ. 1800కూ 700కూ మధ్య కాలానివేవీ కనబడటం లేదని, ట్రాయ్ యుద్ధం జరిగిందని చెప్పుకునే కాలం సరిగ్గా ఆ ఖాళీలోనే ఉందని చూపించాడు. ష్లీమన్ ఆయన మీద విరుచుకుపడ్డాడు.

మే నెలాఖరులో బంగారం బయటపడింది. హోమర్ కావ్యంలోని ట్రాయ్ రాజు పేరుతో ‘ప్రియామ్ నిధి’ అని ష్లీమన్ లోకానికి చాటాడు. తుర్కు కావలివాళ్ల కంట పడకుండా ఆ నిధిని బుట్టల్లో పెట్టి దాచిపెట్టమని పంపింది ఫ్రాంక్ అన్న ఫ్రెడరిక్ కాల్వర్ట్ ఇంటికే! భార్య సోఫియా శాలువాలో మూటగట్టి మోసుకెళ్లిందని పుస్తకంలో రాశాడు గానీ, ఆ రోజుల్లో ఆమె ఏథెన్స్‌లో ఉంది. ఆ నగలు ప్రియామ్ కాలానికి వెయ్యేళ్లకు పైగా ముందువని తరువాత తేలింది. కాల్వర్ట్ సందేహమే నిజమైంది. దొంగిలించినవాడు ఫలితాన్ని పట్టుకుపోగలడు. దాన్ని కనుక్కున్న మనిషిలోని జంకును, తప్పు కావచ్చునేమోనన్న తడబాటును మోసుకుపోలేడు. హిసార్లిక్ పోగొట్టుకున్నది ఆ జంకునే. పగిలిన గోడలను మళ్లీ కట్టగలిగేవాళ్లు ఎవరూ లేరు.

ఇలాంటి చోట మన కావలి సోదరులు గుర్తుకొస్తారు. కల్నల్ కాలిన్ మెకంజీ పేరుతో ఉన్న శాసనాల, గ్రామ చరిత్రల అపారమైన సేకరణ వెనుక బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఉన్నారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. పద్నాలుగేళ్ల తరువాత మెకంజీ ఒక ఉత్తరంలో, భారతీయ విద్యల వాకిలి తనకు తెరుచుకున్నది ఆయన స్నేహం వల్లనేనని రాసుకున్నాడు. మెకంజీ మీద నాకున్న గౌరవానికి ఆ ఒక్క ఉత్తరం చాలు. ఆయన 1821లో పోయాక, ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పెద్దలు, అది లక్ష్మయ్య వల్లనే కాదు, అసలు ఏ దేశీయుడి వల్లా అయ్యే పని కాదన్నారు. అప్పటికి పాతికేళ్లకు పైగా ఆ పని చేస్తూ వచ్చింది ఆ దేశీయులే.

నాగార్జునకొండ లోయలో పాత రాతి స్తంభాన్ని చూసి 1926లో ప్రభుత్వానికి కబురు చేసినది సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు. ఆ తరువాత అక్కడ లాంగ్‌హర్స్ట్ జరిపిన తవ్వకాల గురించి రాసే మన వ్యాసాల్లో ఆ పంతులు పేరు ఎన్నిట్లో ఉంటోందో వెతికి చూడండి.

శాసనాల మీద, గ్రామ చరిత్రల మీద ఈ పత్రికకు చాలా వ్యాసాలు వస్తుంటాయి. వచ్చే సంచిక నుంచి వాటిని పంపే మిత్రులను ఒకటి అడుగుతున్నాం. ఆ రాయి ఫలానా చోట ఉందని మీకు మొదట చెప్పిందెవరో రాయండి. గొర్రెల కాపరి అయితే ఆయన పేరు, ఊరు. దాని గురించి ఆయన వేరే ఏదైనా చెప్పి, మీరు ఒప్పుకోకపోయి ఉంటే, ఆ మాట కూడా.