ముందు మందులు, తర్వాతే ఆవకాయ
తిరుత్తణి, తిరువళ్లూరు తెలుగిళ్లలో పిల్లల దగ్గరికి అమెరికా బయల్దేరే పెద్దవాళ్ల పెట్టెలో ముందు చేరేవి ఆవకాయ, కందిపొడి. చివర్న ఇరుక్కునేవి వాళ్ల మందులు, స్వెట్టర్లు. ఈ వరస మారాలి. బీపీ, షుగర్ మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి. పెట్టె ఆలస్యమైనా పూట మాత్ర ఆగకూడదు. పవర్ బ్యాంకు చోటూ చేతిసంచిలోనే. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుంది; చెక్-ఇన్ లగేజీలో వేయనివ్వరు కనక ఇంట్లోనే వదిలేయండి. ఊరగాయ సీసా మూతకు టేపు చుట్టి, కవర్లో కట్టి, పాత తువాలులో చుట్టండి. అమెరికా విమానాల్లో మామూలుగా పెట్టెకు 23 కిలోలే పరిమితి. ఇంట్లోనే తూకం చూసుకుంటే చెన్నై విమానాశ్రయంలో నేలమీద పెట్టెలు విప్పే అవస్థ తప్పుతుంది. పచ్చడి అమెరికాలోనూ దొరుకుతుంది. పిల్లలకు కావలసింది ఆరోగ్యంగా దిగే అమ్మానాన్నలు.